లైటు వేయని గది

వాకిట్లో చెప్పులు విడిచి, కెమెరా బ్యాగు భుజాన సర్దుకుని త్రివేణి పుట్టమ్మ ఇంటి గడప దాటబోతుంటే పోయిన వారం ఆమెను అక్కడే వదిలి వచ్చాం. ఎందుకు వచ్చిందో గుర్తు లేనివాళ్ళ కోసం నాలుగు మాటలు.

కెలమంగలం ఊరి చివర మల్బరీ తోటలో ఉన్న ఆ ఇంటి పెద్దదిక్కు పుట్టమ్మ. కృష్ణగిరి ఆస్పత్రిలో కుడికంటికి ఆపరేషన్ అయిన తరవాత ఊళ్ళో ఆమెను చూసినవాళ్ళు లేరు. కొడుకు లోకనాథ్ ఎవరినీ గదిలోకి పోనివ్వడం లేదు. కృష్ణగిరిలో కాపురముంటున్న కూతురు ఆశ అయితే గడపే తొక్కకూడదన్నాడు. "ఆస్పత్రి నుంచే అమ్మని తీసుకుపోయినాడు. ఆపైన నేను ఆమె ముఖం చూడలేదు. ఏమో చేసినాడు. స్టేషన్‌కి పోతాను" అంది ఆశ. వాళ్ళ చిన్నాయన వరదప్ప మధ్యలో పడి ఒక ఒప్పందం కుదిర్చాడు. ఆశ నమ్మే మనిషి ఒకరు వెళ్ళి పుట్టమ్మ ఫోటో తెస్తే, ఆశ ఇక స్టేషన్ మాట ఎత్తకూడదు. ఆశ తన బడినాటి స్నేహితురాలు త్రివేణి పేరు చెప్పింది. త్రివేణికి కెలమంగలం బస్టాండు ఎదుట స్టూడియో ఉంది. లోకనాథ్ సరేనన్నాడు గానీ, ఫ్లాష్ కొట్టకూడదు, లైటు వేయకూడదు, కిటికీ తీయకూడదు అన్నాడు.

అంత చీకట్లో ఫోటో ఎట్లా వస్తుందని ఆశ కంగారుపడింది. వస్తుందని త్రివేణి మాటిచ్చింది.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో వరదప్ప కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన లోకనాథ్ నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, పట్టుగూళ్ళ వ్యాపారం. గొంతు పెంచి మాట్లాడటం అతని ఒంట్లో లేదు. ఇన్నాళ్ళూ మర్యాద అనుకున్న ఆ నెమ్మది ఈ రోజు త్రివేణికి గుబులు పుట్టించింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. భార్యాపిల్లల్ని పుట్టింటికి పంపేశాడని ఊళ్ళో ముందే విన్నది.

"బ్యాగులో ఏముండాదో ఒకసారి చూపీమ్మా" అన్నాడు లోకనాథ్.

త్రివేణి జిప్పు లాగింది. ఒక కెమెరా, దానికి ముందే బిగించిన లెన్సు. అతను వంగి ఆ లెన్సును రెండు చేతులతో ఎత్తి చూశాడు.

"ఇదేంది, గుండ్రాయి మాదిరి ఇంత బరువుండాది?"

"చీకటికని చేసిన లెన్సన్నా. మామూలు వాటికంటే ఎక్కువ వెలుగు లోపలికి తీసుకుంటాది."

"దీంట్లోంచి లైటేమైనా బయటికొస్తాదా?"

"రాదు. ఫోకస్ కూడా దానంతట అది చేసుకోదు. నేనే చేత్తో తిప్పుకోవాల."

"అయితే టైం పడతాది."

"పడతాదన్నా."

లోకనాథ్ వరదప్ప వైపు చూశాడు. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "పోనీలేప్పా. గుమ్మంలోంచి నేనూ చూసినాను కదా, మంచం మింద కూర్చోనే ఉండాది. ఈ పిల్ల తీసుకోని పోతే అందరికీ నెమ్మది" అన్నాడు. ఆయన చూపు ఎంత మాత్రమో త్రివేణికి తెలుసు. ఆయన గుమ్మంలోంచి చూసింది ఒక చీరను మాత్రమే అయి ఉండాలి.

ఆ లెన్సును ఆమె బెంగుళూరులో ఒక ముసలి ఫోటోగ్రాఫరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నది. పాయింట్ నైన్ ఫైవ్ లెన్సు. ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత చీకటిని తట్టుకుంటుంది. పెండ్లిళ్ళ లైనులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆటోఫోకస్ లేనిదాన్ని పెట్టుకుని, పెండ్లికొడుకు తాళి కట్టేలోపల రింగు తిప్పుతూ కూర్చుంటావా అన్నారు. కానీ హారతి వెలుగులో, కరెంటు పోయిన మంటపంలో, దీపం ఒక్కటే ఉన్న దేవుడి గదిలో వాళ్ళ కెమెరాలు చేతులెత్తేసిన చోట ఆమెకు ముఖాలు దొరికాయి. పోయినేడు ఇదే తోటలో, పట్టుపురుగుల షెడ్డులో, ఆకు పరుస్తున్న పుట్టమ్మను ఆమె దీంతోనే తీసింది. షెడ్డులో వెలుగెక్కువైతే పురుగుకు మంచిది కాదని పుట్టమ్మ బల్బు వేయనివ్వలేదు. ఆ రోజంతా ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ గడిపారు. పోయేటప్పుడు పుట్టమ్మ ఆమె ఒడిలో ఇన్ని చింతకాయలు పోసి, "నువ్వు నా ముఖం చూసినంత సేపు నా కొడుకూ కూతురూ కూడా చూసుండరే" అని నవ్వింది.

ఆ ముఖం త్రివేణికి బాగా తెలుసు.

లోకనాథ్ గది తలుపు తీశాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళాక, చెయ్యి దూరేంత సందు ఉంచి మళ్ళీ మూశాడు. కిటికీకి మందపాటి నల్ల గుడ్డ మేకులతో కొట్టి ఉంది. బయట మిట్టమధ్యాహ్నం. లోపల ముందు ఏమీ కనబడలేదు. కాసేపటికి మంచం అంచు, దాని మీద గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ఆకారం తేలాయి.

"ఈ స్టూలు మింద కూర్చో. ముందుకి పోవద్దు" అన్నాడు లోకనాథ్. తను ఆమె భుజం వెనకే నిలబడ్డాడు. అతని ఊపిరి ఆమెకు వినబడుతోంది.

"పెద్దమ్మా, నేను త్రివేణిని" అంది ఆమె.

ఆకారం తల ఊపింది.

"మాట్లాడించొద్దు. నీరసంగా ఉండాది" అన్నాడు లోకనాథ్.

త్రివేణి కెమెరా కంటికి ఆనించుకుని లెన్సును పూర్తిగా తెరిచింది. మామూలు కంటికి మసిగుడ్డలా ఉన్న గది వ్యూఫైండరులో మెల్లగా సాయంత్రమైంది. తలుపు సందులోంచి వచ్చే గీతంత వెలుగు గోడకు తగిలి, ఆ గోడ నుంచి చీర మీద, చీర మీద నుంచి చెంప మీద పడుతోంది. లెన్సుకు అది చాలు. కానీ అంత తెరిచినప్పుడు అది ముఖాన్నంతా ఒకేసారి చూడదు. రెండు వేళ్ళ మందం మాత్రమే తేటగా ఉంటుంది. దానికి ముందున్నదీ వెనకున్నదీ పొగలా కరిగిపోతాయి. ఎదుటి మనిషి గట్టిగా ఊపిరి పీల్చినా ఫోకస్ జారిపోతుంది.

ఆమె బొమ్మను పెద్దది చేసుకుని రింగు తిప్పింది. ముక్కు కొస వచ్చింది, పోయింది. కుడికంటి మీద ఆకుపచ్చ గుడ్డ కట్టు. దాని నేత కూడా కనబడింది. ఇంకొంచెం తిప్పింది. ఎడమ కన్ను.

ఆ కన్ను తిన్నగా లెన్సులోకి చూస్తోంది. నీళ్ళు నిండి ఉంది. రెప్ప వేయడం లేదు.

త్రివేణి నొక్కింది. షటర్ చప్పుడు కాకుండా ముందే ఆపి ఉంచింది కాబట్టి లోకనాథ్‌కు ఏమీ వినబడలేదు.

"తీసినావా?"

"ఇంకా లేదన్నా. కుదరలేదు."

ఎందుకు అబద్ధం చెప్పిందో ఆమెకే అర్థం కాలేదు. ఆ కంట్లో ఏదో తేడా ఉంది. పుట్టమ్మ కన్ను నవ్వుతున్నట్టుండేది. జబ్బు చేసిన మనిషి కదా అని సర్దిచెప్పుకుంది. అప్పుడు మంచం మీది మనిషి నెమ్మదిగా చెయ్యి ఎత్తి, చెంప దాకా లాక్కున్న కొంగును కుడి చెవి వెనక్కి తోసుకుంది. దురద పెట్టినందుకు తోసుకున్నట్టు లేదు. తోసి, చెయ్యి అక్కడే కాసేపు ఉంచి, తల కొంచెం పక్కకు తిప్పింది.

వ్యూఫైండరులో ఆ చెవి పొగలాగే ఉంది. ఫోకస్ ఇంకా కంటి దగ్గరే ఉంది. త్రివేణి వేలి కొసతో రింగును ఒక వెంట్రుకంత జరిపింది. కన్ను కరిగిపోయింది. చెవి తేటపడింది.

పుట్టమ్మ కుడి చెవి తమ్మె బరువు కమ్మలకు తెగిపోయి చాలా ఏళ్ళుగా రెండు పాయలుగా వేలాడుతుండేది. కమ్మను దారంతో చెవికి కట్టుకునేది. ఈ చెవి తమ్మె నిండుగా ఉంది. మధ్యలో సన్నటి బెజ్జం, అందులో చిన్న రాయి కమ్మ.

త్రివేణి కెమెరా వణకకుండా మోచేతులు డొక్కలకు అదుముకుంది. మళ్ళీ నొక్కింది.

"ఏంది అంత సేపు తిప్పతా ఉండావు?" లోకనాథ్ గొంతు ఆమె చెవి దగ్గరే వినబడింది.

"అయిపోయిందన్నా."

గదికీ హాలుకూ మధ్య ఇరుకు నడవ ఉంది. హాల్లో వరదప్ప దగ్గుతున్నాడు. నడవలోకి రాగానే లోకనాథ్ ఆమెకు అడ్డంగా నిలబడి చెయ్యి చాచాడు.

"చూపీ."

ఆమె మొదటి ఫోటో చూపించింది. కన్ను తేటగా, చెవి ఇంకా కొంగు కింద ఉన్నది. ఆ చిన్న తెరమీద ఒక ముసలి ముఖం చీకట్లోంచి సాయంకాలపు ఎండలోకి వచ్చినట్టుంది. లోకనాథ్ వంగి దాన్ని చూశాడు.

"లైటే లేదు కదా. ఇంత క్లియర్‌గా ఎట్ల వచ్చింది?"

"తలుపు సందులోంచి వెలుగొస్తా ఉండాదన్నా. మన కంటికి చాలదు. దీనికి చాలు."

"ఇది వద్దు. మసకగా ఉండేది ఒకటి తీసి, అది ఇయ్యి."

"మసకది ఎందుకన్నా?"

"అడగొద్దమ్మా."

"ఆశ అడుగుతాది."

"అది అడుగుతాదనే చెప్తా ఉండాను."

ఈ ఇంట్లోంచి బయటపడి, తోట దాటి, రోడ్డెక్కాక చెప్పొచ్చు. తెలివైనవాళ్ళు అదే చేస్తారు. కానీ నోరు ఆగలేదు.

"లోపల ఉండేది ఎవురన్నా?"

లోకనాథ్ కెమెరా తెర మీది నుంచి చూపు తిప్పుకున్నాడు.

"పుట్టమ్మ యాడ?"

"నెమ్మదిగా మాట్లాడు." అతను హాలు వైపు చూశాడు. "చిన్నాయనకి వినబడితే చేసిందంతా పాడైపోతాది."

"ఏం చేసినావన్నా? మీయమ్మని ఏం చేసినావు?"

అతను కెమెరా పట్టీ పట్టుకున్నాడు. లాగలేదు, పట్టుకున్నాడంతే. అది కోపమో భయమో ఆమెకు అంతుపట్టలేదు.

"నన్ను చెడ్డోడనుకో. ఊరంతా అనుకుంటా ఉండాది, నువ్వూ అనుకో. దానికి నేను బాధపడను. కార్డు మాత్రం ఈడ పెట్టి పో. ఆ ముఖం ఆశ చూడకూడదు."

"ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోతే నేను కెమెరా లాక్కోవాల్సి వస్తాది. ఒక ఆడమనిషి చేతిలోంచి ఎప్పుడూ ఏమీ లాక్కున్నోణ్ణి కాదు. నాతో ఆ పని చేయించొద్దు త్రివేణమ్మా."

ఆమె కెమెరా పక్కమూత తెరిచి కార్డు తీసి అతని అరచేతిలో పెట్టింది. కెమెరాలో రెండో కార్డు ఉన్న సంగతి చెప్పలేదు. పెండ్లి ఫోటోలు మళ్ళీ తీయలేం కనక, ఆమె కెమెరా ఎప్పుడూ ప్రతి ఫోటోనూ రెండు కార్డుల్లోకి రాస్తుంది. మూత మూస్తుంటే టక్కుమన్న చప్పుడు ఆమెకు ఉరిమినంత గట్టిగా వినిపించింది.

లోకనాథ్ కార్డు జేబులో వేసుకుని పక్కకు తప్పుకున్నాడు. హాల్లో వరదప్ప కనబడుతున్నాడు. వెళ్ళి ఆయనతో, చిన్నాయనా, లోపల ఉండేది మీ వదిన కాదు అంటే చాలు. త్రివేణి అటు అడుగు వేసింది.

వెనక నుంచి ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు.

గదిలోని మనిషి గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. తల వంచుకునే, "దొడ్లోకి పోవాల. ఈయమ్మని చెయ్యి పట్టుకోమను" అంది లోకనాథ్‌తో, వినీ వినబడనట్టు.

"నువ్వు లోపలికి పో" అన్నాడు అతను పళ్ళ బిగువున.

"పోవాలప్పా."

హాల్లోంచి వరదప్ప, "ఏమైంది లోకా?" అన్నాడు. ఇక వాదించడానికి వీల్లేకపోయింది. లోకనాథ్ త్రివేణి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, దారి ఇచ్చాడు.

నడవ చివర తలుపు దాటితే వెనక వసారా. పక్కనే నీళ్ళు పోసుకునే బచ్చలి. ఆ మనిషి వసారాలోకి రాగానే తలుపు దగ్గరగా వేసి, కుడికంటి మీది కట్టు నుదుటి మీదికి జరిపింది. కట్టు కింద కన్ను బాగానే ఉంది. అరవై ఏళ్ళుంటాయి. మట్టిపనీ ఇంటిపనీ చేసి గట్టిపడ్డ చేతులు.

"నా పేరు మునివెంకటమ్మ. చెవి చూసినావా తల్లీ?"

"నువ్వు కావాలనే చూపించినావా?"

"పుట్టమ్మే చూపీమన్నింది. త్రివేణి వస్తే నీ చెవి చూడంగానే అది నేను కాదని కనిపెడతాది, దానికి మాత్రం చెప్పు, ఇంకెవురికీ చెప్పొద్దనింది. ఈ సంగతి లోకనాథప్పకి తెలీదు. నువ్వు ఆశమ్మ స్నేహితురాలివని ఆయప్పకి నీ మింద నమ్మకం లేదు."

"పుట్టమ్మ బతికుండాదా?"

"బతికుండాది. కావేరిపట్టణంలో మా చెల్లెలింట్లో ఉండాది. ఆడ డాక్టరుకి చూపిస్తా ఉండారు."

త్రివేణి వసారా స్తంభం పట్టుకుంది. "మరి ఈ నాటకమంతా ఎందుకు?"

మునివెంకటమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆస్పత్రి నుంచి పుట్టమ్మని తీసుకుపోయింది కొడుకు కాదమ్మా. ఆశమ్మే. కృష్ణగిరిలో తనింటికి తీసుకుపోయింది. నేను ఆ ఇంట్లోనే పని చేసేదాన్ని."

త్రివేణికి కృష్ణగిరిలో ఆశ ఇంటికి వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి. సోఫాలో కూర్చుని ఆశ వంటింటి వైపు తిరిగి, మునివెంకటమ్మా, రెండు టీలు తీసుకురా అని కేకేసేది. టీ తెచ్చిన మనిషి ముఖం తను ఒక్కసారైనా చూసిందా? గుర్తు రాలేదు.

"ఆశ చూడనేలేదని చెప్పింది నాకు" అంది.

"చెప్తాది. ఆ పొద్దు తోట గురించి మాటొచ్చింది. ప్లాట్లేసే లేఅవుటోళ్ళకి ఇచ్చేద్దామని ఆశమ్మ, ఇచ్చేది లేదని పుట్టమ్మ. మాటమీద మాట పెరిగి ఆశమ్మ తోసేసింది. కావాలని చేసుండదు. కానీ తోసింది. గ్రైండరు మూల తగిలింది ముసలామెకి. ఎడమ కంటికి." ఆమె తన ఎడమ కన్ను తాకి చూపించింది. "ఆపరేషన్ చేసిన కన్ను కాదు, మంచి కన్ను. అది ఇంక చూడదంట."

తోటలోంచి గాలికి ఆకు వాసన వచ్చింది.

"ఆస్పత్రికి తీసుకుపోతే ఎట్ల తగిలిందని అడుగుతారని ఆశమ్మ గదిలో పెట్టి తలుపేసింది. నేను చూడలేక, ఆమె స్నానానికి పోయినప్పుడు ముసలామెని బస్సెక్కించి ఈడికి తెచ్చినాను. లోకనాథప్ప చెల్లెలి మింద కేసు పెడతానని లేచినాడు. పుట్టమ్మ కొడుకు చేత ఒట్టు పెట్టించుకునింది. నా కూతుర్ని స్టేషన్‌కి ఈడ్చొద్దు, నా ముఖం ఎవురికీ చూపించొద్దు, గాయం మానేదాకా దాచిపెట్టు అనింది. ఆ ఒట్టుకే ఆయప్ప ఊరందరి చేతా మాటలు పడతా ఉండాడు. తన తప్పు బయటపడకుండా అన్న మింద వేసేయాలనే ఆశమ్మ స్టేషన్ మాట ఎత్తతా ఉండాది."

"నిన్ను ఎందుకు కూర్చోబెట్టినారు?"

"ఇంకెవుర్ని నమ్మేది తల్లీ? చీకట్లో ముసలోళ్ళంతా ఒకటే అనుకున్నాము. నీ లెన్సు సంగతి లోకనాథప్పకేం తెలుసు? ఇప్పుడా ఫోటో ఆశమ్మ చూస్తే, చూడంగానే నన్ను గుర్తుపడతాది. నన్ను పట్టుకుంటే పుట్టమ్మ యాడుండాదో పట్టుకున్నట్టే."

త్రివేణి కెమెరాను రొమ్ముకు అదుముకుంది. లోపల రెండో కార్డు ఉంది. అందులో ఈ ముఖం, కంట్లో నీటి చుక్కతో సహా, ఎవరైనా పోల్చుకునేంత తేటగా ఉంది. తన గొప్పనుకుని తీసిన ఫోటో అది. ఆశతో తను ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంది. ఈమెను చూసి ఇంకా గడియ కాలేదు. ఎవరి మాట నమ్మాలి?

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. తరవాత ఒక గొంతు. బస్టాండు దగ్గర స్టూడియోలో కూర్చుని ఎదురుచూస్తానన్న ఆశ గొంతు.

"నువ్వు రాకూడదని కదమ్మా మాట" అంటున్నాడు వరదప్ప.

"వచ్చినాను చిన్నాయనా. ఉండలేకపోయినాను. నువ్వు లోపల చూసినావా?"

"చూసినాను. కూర్చోని ఉండాది."

"కట్టు ఏ కంటికుండాది?"

మునివెంకటమ్మ వేళ్ళు త్రివేణి చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

"ఏ కంటికేందమ్మా? ఆపరేషన్ కుడికంటికే కదా. దానికే ఉండాది."

"ఎడమ కన్ను? ఎడమ కన్ను బాగుండాదా? సరిగ్గా చూసినావా?"

అమ్మ ఎట్లుందని ఆశ అడగలేదు. అన్నం తింటోందా అనీ అడగలేదు. ఆపరేషన్ ఏ కంటికో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రెండో కంటి మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. దానికి దెబ్బ తగిలిందని తెలిసినవాళ్ళు తప్ప ఎత్తడానికి వీల్లేదు.

"త్రివేణి యాడ?" అంది ఆశ. లోకనాథ్ ఏదో అన్నాడు. అడుగులు అతన్ని దాటుకుని నడవలోకి వచ్చాయి.

త్రివేణి రెండంగల్లో తలుపు దగ్గరికి వెళ్ళి గడియ పెట్టింది. అది పెట్టిన చెయ్యి తనదేనా అని ఒక్క క్షణం దానివైపే చూసింది. మునివెంకటమ్మ కట్టును మళ్ళీ కంటి మీదికి లాక్కుని గోడకు ఒదిగిపోయింది.

తలుపు అవతల అడుగులు ఆగాయి. ఆశ తట్టలేదు. చెక్కకు నోరు ఆనించి మాట్లాడుతున్నట్టు, చాలా చిన్నగా పిలిచింది.

"త్రివేణీ, గడియ ఎందుకు పెట్టినావు? నీతోపాటు లోపల ఎవురుండారు?"